తల్లిదండ్రులు విడిపోయినప్పుడు పిల్లల సంరక్షణ, మనోవర్తి

భార్యాభర్తలు విడిపోయినప్పుడు బిడ్డ ఎవరి దగ్గర పెరగాలి, ఆ పెంపకానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్నవి ముందుగా తేలవలసిన రెండు ప్రశ్నలు. కోర్టు వాడుకలో మొదటిది కస్టడీ, రెండోది మనోవర్తి. భరణం అన్న మాట కూడా వాడుకలో ఉంది. తల్లి గెలిచింది, తండ్రి ఓడాడు అంటూ ఈ రెండింటినీ పెద్దల హక్కులుగా మాట్లాడుకోవడం జనంలో అలవాటు. చట్టం మాత్రం వీటిని బిడ్డ హక్కులుగానే చూస్తుంది. దంపతుల మధ్య బంధం తెగినా బిడ్డకు తల్లీ తండ్రీ ఇద్దరూ మిగిలే ఉంటారు. ఈ విషయంలో ఉన్న చట్టాలు, తీర్పులన్నిటికీ ఆధారం ఇదే.

వర్తించే చట్టాలు

పిల్లల కస్టడీకి దేశమంతటికీ ఒకే చట్టం లేదు. అన్ని మతాలవారికీ ఉమ్మడిగా వర్తించేది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు దీనితోపాటు 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఉంది. విడాకుల కేసు నడుస్తుండగా పిల్లల కస్టడీ, పోషణ, చదువుల మీద ఉత్తర్వులిచ్చే అధికారాన్ని 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 26వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి ఆ చట్టంలోని 38వ సెక్షన్, క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం ఇలాంటి అధికారాన్నే కల్పించాయి.

పోషణ విషయంలో అన్ని మతాలవారికీ అందుబాటులో ఉన్న దారి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షన్. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమల్లోకి వచ్చింది. హిందువులకు 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం కింద మరో దారి ఉంది. గృహ హింస ఎదుర్కొన్న మహిళ 2005 నాటి చట్టం కింద తనకూ పిల్లలకూ పోషణ ఖర్చులు, పిల్లల తాత్కాలిక కస్టడీ కోరవచ్చు.

కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వ్యక్తిగత చట్టాలు షెడ్యూల్డ్ తెగలకు వర్తించవు. ఆదిలాబాద్ గోండుల్లోనూ అల్లూరి జిల్లా మన్యంలోనూ పెళ్లి, తెగతెంపులు ఆయా తెగల ఆచారం ప్రకారమే సాగుతాయి. అయినా అక్కడి తల్లి బిడ్డ పోషణ కోసం 144వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఆ సెక్షన్ మతాన్నిగానీ తెగనుగానీ చూడదు.

సంరక్షకత్వం, కస్టడీ: రెండింటి తేడా

ఈ రెండు మాటలనూ ఒకటే అనుకోవడం వల్ల చాలా అపోహలు పుడుతున్నాయి. సంరక్షకత్వం అంటే బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం. ఆస్తి వ్యవహారాలు, సంతకాలు, చదువు, వైద్యం వంటివి దీని కిందికి వస్తాయి. కస్టడీ అంటే బిడ్డను దగ్గర పెట్టుకుని రోజువారీ ఆలనాపాలనా చూడడం. బిడ్డ తల్లి దగ్గర పెరుగుతున్నంత మాత్రాన తండ్రి సంరక్షకత్వం పోదు. తండ్రి సహజ సంరక్షకుడు అయినంత మాత్రాన బిడ్డను తీసుకుపోయే హక్కు అతనికి దానంతట అదే రాదు.

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం మైనరుకు సహజ సంరక్షకుడు తండ్రి, అతని తర్వాత తల్లి. ఈ ‘తర్వాత’ అన్న మాటకు తండ్రి మరణించాకే అని ఏళ్ల తరబడి అర్థం చెప్పుకున్నారు. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేర బాండ్ల కోసం దరఖాస్తు చేసినప్పుడు తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు అడిగింది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. తండ్రి బతికి ఉన్నా బిడ్డను పట్టించుకోనప్పుడు, అందుబాటులో లేనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలని 1999లో కోర్టు తేల్చింది. పెళ్లికాని తల్లి తండ్రి పేరు బయటపెట్టకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని 2015లో మరో తీర్పు చెప్పింది.

బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి

కస్టడీ కేసులన్నిటికీ కొలబద్ద ఒకటే, అది బిడ్డ క్షేమం. హిందూ సంరక్షకత్వ చట్టంలోని 13వ సెక్షన్ దాన్ని అన్నిటికంటే ముఖ్యమైన అంశంగా నిలబెట్టింది. తల్లిదండ్రుల చేతిలో పిల్లలు ఆటవస్తువులు కారని, కస్టడీ ఉత్తర్వులు పరిస్థితులను బట్టి మారేవేనని రోజీ జేకబ్ కేసులో 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది. క్షేమం అంటే డబ్బు, పెద్ద ఇల్లు, ఖరీదైన బడి మాత్రమే కాదు. బిడ్డ వయసు, ఆరోగ్యం, ఎవరికి ఎక్కువ మాలిమి అయింది, బడి మారవలసి వస్తుందా, తోబుట్టువులు విడిపోతారా, ఇంట్లో మద్యం లేదా హింస ఉందా, పని మీద బయటికి వెళ్లినప్పుడు ఎవరు చూసుకుంటారు అన్నవన్నీ కోర్టు తూచి చూస్తుంది.

అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని హిందూ చట్టం చెబుతుంది. ఆ వయసు బిడ్డను తల్లి నుంచి వేరు చేయాలంటే ఆమె తగినది కాదని చూపించవలసిన భారం తండ్రిదేనని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయిదేళ్లు నిండగానే బిడ్డ తండ్రికి వెళ్లిపోతాడన్నది మాత్రం అపోహ. ఆ తర్వాత ఎవరికీ ముందస్తు మొగ్గు ఉండదు, ప్రతి కేసునూ దాని పూర్వాపరాలను బట్టే తేలుస్తారు. సంపాదన తక్కువగా ఉన్న కారణంగా తల్లి కస్టడీ కోల్పోదు. ఆ లోటు పూడ్చడానికే మనోవర్తి ఉంది. తల్లి ఉద్యోగం చేస్తున్నదన్నది కూడా ఆమెకు వ్యతిరేకంగా నిలిచే కారణం కాదు.

తెలుగు రాష్ట్రాల ముస్లింలలో అధికులు అనుసరించే హనఫీ సంప్రదాయంలో కొడుకును ఏడేళ్ల వరకు, కూతురిని యుక్తవయసు వచ్చేవరకు దగ్గర పెట్టుకునే హక్కు తల్లికి ఉంటుంది. దీన్ని హిజానత్ అంటారు. సంరక్షకత్వం మాత్రం తండ్రిది. కోర్టుకు వచ్చిన కేసుల్లో ఈ నియమాలనూ బిడ్డ క్షేమం వెలుగులోనే చదువుతారు.

బిడ్డ మాటకు విలువ

తెలివిడితో ఇష్టాయిష్టాలు చెప్పగల వయసు వచ్చిన బిడ్డ కోరికను కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 చట్టంలోని 17వ సెక్షన్ అంటుంది. అది ఏ వయసన్నది చట్టం గీత గీయలేదు. జడ్జి తన ఛాంబర్‌లో బిడ్డతో ఒంటరిగా మాట్లాడడం ఆనవాయితీ. ఆ మాటను కోర్టు వింటుంది కానీ, దానికే కట్టుబడవలసిన పని లేదు. నెలల తరబడి ఒక్కరి దగ్గరే ఉన్న బిడ్డ, ఆ ఒక్కరి కోపాన్నే తన మాటగా పలికే ప్రమాదం ఉంటుంది. అలా రెండోవారి మీద విరోధం నూరిపోయడం బిడ్డ మనసుకు చేసే హానిని 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో వివరంగా చర్చించింది. తగిన ఆధారాలు లేకుండా ఆ ముద్ర వేయడం తగదని 2024లో హెచ్చరించింది కూడా. బిడ్డ తండ్రి దగ్గరికి వెళ్లనని ఏడిస్తే తల్లి నేర్పిందని తీర్మానించకూడదు. ఏడుపు వెనక నిజమైన భయం ఉందా అని ముందు చూడాలి.

కస్టడీ లేనివారి చూసే హక్కు

కస్టడీ ఒకరికి ఇచ్చినప్పుడు రెండోవారికి బిడ్డను కలిసే ఏర్పాటు చేయడం కోర్టు బాధ్యత. వారాంతంలో కొన్ని గంటలు, పండగలకు ఒక రోజు, వేసవి సెలవుల్లో సగం, ఇలా కుటుంబాన్ని బట్టి ఉత్తర్వులు ఉంటాయి. సంక్రాంతికి ఒకరి దగ్గర, దసరాకు మరొకరి దగ్గర అని పంచడమూ ఉంది. తల్లిదండ్రులు ఎదురుపడితే గొడవ అయ్యే చోట కోర్టు ఆవరణలోనో తటస్థమైన వేరే చోటో కలిపిస్తారు. బిడ్డకు ప్రమాదం ఉందనుకుంటే మరొకరి సమక్షంలో మాత్రమే కలవనిస్తారు.

బిడ్డకు ఇద్దరి ప్రేమా పొందే హక్కు ఉందని, ఊళ్లు లేదా దేశాలు వేరైనప్పుడు కస్టడీ లేనివారు రోజూ అయిదు పది నిమిషాలైనా బిడ్డతో ఫోనులో మాట్లాడగలగాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వీలైన చోట వీడియో కాల్ ఏర్పాటూ చేయాలంది.

బిడ్డను చూపించడం లేదు కాబట్టి డబ్బు ఇవ్వను అనే తండ్రి, డబ్బు ఇవ్వడం లేదు కాబట్టి చూపించను అనే తల్లి ఇద్దరూ చట్టం ముందు తప్పులోనే ఉంటారు. మనోవర్తి, సందర్శన దేనికదే. ఒకదాన్ని ఆపి రెండోదాన్ని సాధించుకునే వీలు లేదు. ఉత్తర్వును ధిక్కరించినవారి మీద అదే కోర్టుకు వెళ్లడమే దారి.

మనోవర్తి ఎవరు ఇవ్వాలి

ఆర్థిక స్తోమత ఉన్న తండ్రి తన మైనరు బిడ్డను పోషించకుండా వదిలేస్తే నెలనెలా ఇంత ఇవ్వమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. బిడ్డ పుట్టుక పెళ్లి లోపలిదా బయటిదా అన్న తేడాను 144వ సెక్షన్ చూడదు. హిందూ దత్తత, పోషణ చట్టంలోని 20వ సెక్షన్ ఈ బాధ్యతను తల్లి మీద, తండ్రి మీద సమానంగా పెట్టింది. తల్లికీ మంచి జీతం ఉన్నప్పుడు ఇద్దరి ఆదాయాల నిష్పత్తిలో ఖర్చు పంచవచ్చు. బ్యాంకు ఉద్యోగిని అయిన ఒక తల్లి కేసులో 2000వ సంవత్సరంలో సుప్రీంకోర్టు తండ్రికి రెండు వంతులు, తల్లికి ఒక వంతు లెక్కన పంచింది. తల్లి సంపాదిస్తున్నంత మాత్రాన తండ్రి బాధ్యత మాసిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉద్యోగం లేదన్న సాకు కూడా నిలవదు. ఒళ్లు సహకరించే మగవాడు కూలి పని చేసైనా భార్యాబిడ్డలను పోషించవలసిందేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మళ్లీ పెళ్లి చేసుకుని కొత్త సంసారం పెట్టుకున్నా మొదటి బిడ్డ పట్ల బాధ్యత అలాగే ఉంటుంది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె సొంత మనోవర్తి ఆగవచ్చు గానీ, బిడ్డ మనోవర్తి ఆగదు. ముస్లిం దంపతులు విడిపోయినప్పుడు కూడా పిల్లలను పోషించే బాధ్యత తండ్రి మీద ఉంటుందని, 1986 నాటి ముస్లిం మహిళల చట్టం దాన్ని తగ్గించలేదని 1997లో తీర్పు వచ్చింది.

ఎంత ఇవ్వాలి

జీతంలో నాలుగో వంతు ఇవ్వాలన్న నియమం ఉందని చాలామంది నమ్మకం. 2017 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పులో నికర జీతంలో 25 శాతం న్యాయంగా ఉంటుందన్న మాట రావడం దీనికి మూలం. అది ఆ కేసు పరిస్థితుల్లో చెప్పిన లెక్కే. అన్ని కుటుంబాలకూ సరిపడే సూత్రం ఏదీ లేదని రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బిడ్డ తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, చదువు లెక్కలోకి వస్తాయి. కోచింగ్ వంటివాటికీ సహేతుకమైన మొత్తం కోరవచ్చు. 125వ సెక్షన్ కింద ఒకప్పుడు ఉన్న నెలకు 500 రూపాయల గరిష్ఠ పరిమితిని 2001లోనే తీసివేశారు.

రజనీష్ కేసు తీర్పు మరో ముఖ్యమైన పని చేసింది. భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చుల వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయాలని ఆదేశించింది. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్కగట్టాలంది. అంతకుముందు కొన్ని కోర్టులు ఉత్తర్వు వచ్చిన తేదీ నుంచే ఇప్పించేవి. కేసు ఏళ్ల తరబడి సాగితే ఆ నష్టమంతా బిడ్డకే. జీతం తక్కువ చేసి చూపడం, వ్యాపారాన్ని తమ్ముడి పేర మార్చడం వంటివి జరిగినప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, పొలం పత్రాలు రప్పించమని కోర్టును కోరవచ్చు.

ఎన్నేళ్ల వరకు

144వ సెక్షన్ కింద మనోవర్తి 18 ఏళ్లు నిండేవరకు. శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని బిడ్డకు ఆ తర్వాతా కొనసాగుతుంది. పెళ్లికాని హిందూ కూతురు తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే 18 దాటినా తండ్రి నుంచి పోషణ కోరవచ్చు. అయితే దాన్ని 144 కింద కాక, హిందూ దత్తత, పోషణ చట్టం కింద అడగాలని 2020లో సుప్రీంకోర్టు వివరించింది. 18 నిండే సమయానికి బిడ్డ ఇంటర్ ముగించి ఉంటాడు, అసలు ఖర్చు అప్పుడే మొదలవుతుంది. కొన్ని కేసుల్లో మొదటి డిగ్రీ పూర్తయ్యేవరకు కొడుకు చదువు ఖర్చు తండ్రిచేత భరింపజేసిన సందర్భాలు ఉన్నాయి. అందుకే రాజీ పత్రం రాసుకునేటప్పుడే కాలేజీ చదువు ఖర్చును అందులో చేర్చడం మంచిది.

దరఖాస్తు, విచారణ

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం కింద హైదరాబాద్, సికింద్రాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల ఫ్యామిలీ కోర్టులు ఉన్నాయి. అవి లేని చోట కస్టడీ పిటిషన్ జిల్లా కోర్టుకు, మనోవర్తి కేసు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుకు వెళ్తాయి. కోర్టు ఆవరణల్లో మనోవర్తి కేసును ఎం.సి. అని, గృహ హింస కేసును డి.వి.సి. అని పిలుస్తారు.

కస్టడీ పిటిషన్ బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులో వేయాలి. మనోవర్తి దరఖాస్తును తండ్రి ఉండే జిల్లాలోనూ, భార్య ఉంటున్న జిల్లాలోనూ వేయవచ్చు. కాబట్టి అనంతపురం పుట్టింటికి చేరిన తల్లి కరీంనగర్ దాకా తిరగవలసిన పని లేదు. ఫ్యామిలీ కోర్టు ముందుగా రాజీకి ప్రయత్నిస్తుంది, కౌన్సెలర్ల సాయం తీసుకుంటుంది. ఎవరు కోరినా విచారణ తలుపులు మూసి జరుపుతుంది. అక్కడ లాయరును పెట్టుకోవడం హక్కు కాదు. కోర్టు అనుమతిస్తేనే లాయరు వాదిస్తారు, ఆచరణలో ఈ అనుమతి తరచుగా దొరుకుతుంది.

తుది తీర్పు వచ్చేలోపు బిడ్డ ఆకలి ఆగదు. మధ్యంతర మనోవర్తి దరఖాస్తును, నోటీసు అందిన తేదీ నుంచి 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టం చెబుతుంది. కస్టడీలోనూ మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. కుటుంబ న్యాయస్థానం తుది తీర్పు మీద 30 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయాలి. 144 కింద ఇచ్చిన ఉత్తర్వు మీద మాత్రం రివిజన్ పిటిషన్ వేయాలి.

జీతం పెరిగినా, ఉద్యోగం పోయినా, బిడ్డకు జబ్బు చేసినా మనోవర్తిని పెంచమని లేదా తగ్గించమని అదే కోర్టును కోరవచ్చు. కోర్టు మార్చేవరకు పాత ఉత్తర్వే అమల్లో ఉంటుంది. ఎవరికి వారు తగ్గించుకుని ఇవ్వడం చెల్లదు.

ఇవ్వకపోతే

ఉత్తర్వు వచ్చినా డబ్బు రాకపోవడం ఈ కేసుల్లో అన్నిటికంటే పెద్ద బాధ. బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలు దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ గడువు దాటితే ఆ నెలల బాకీని ఈ దారిలో రాబట్టడం కష్టం. కాబట్టి నెలనెలా వచ్చినదీ రానిదీ రాసిపెట్టుకోవడం, చెల్లింపులు బ్యాంకు ఖాతా ద్వారానే జరగాలని కోరడం అవసరం. కోర్టు వారెంటు జారీ చేసి ఆస్తి జప్తుకు ఆదేశించవచ్చు. అప్పటికీ ఇవ్వకపోతే ఒక నెల వరకు జైలుకు పంపవచ్చు, ఈలోగా చెల్లిస్తే విడుదల. జైలుకు వెళ్లి వస్తే బాకీ తీరిపోయినట్టు కాదు. అది చెల్లింపచేయడానికి వాడే పద్ధతే తప్ప బాకీకి బదులు కాదని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. గృహ హింస చట్టం కింద అయితే జీతంలోంచి కొంత మొత్తాన్ని నేరుగా భార్యకు చెల్లించమని యజమానిని ఆదేశించే వీలుంది.

పెద్దమనుషుల ఒప్పందాలు

పల్లెల్లో పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద ‘ఇక ఒకరితో ఒకరికి సంబంధం లేదు’ అని రాయించుకుని విడిపోవడం నేటికీ ఉంది. విడాకులకు ఆ కులంలో నిరూపించదగిన ఆచారం ఉంటే తప్ప హిందూ వివాహ చట్టం కింద పెళ్లి అలా రద్దు కాదు. లక్షో రెండు లక్షలో తీసుకుని బిడ్డ పోషణ అడగనని తల్లి వేలిముద్ర వేసినా బిడ్డ హక్కు పోదు, ఎందుకంటే వదులుకోవడానికి అది ఆమె సొంత హక్కు కాదు. పరస్పర అంగీకార విడాకుల్లో రాసుకున్న షరతులనూ బిడ్డ క్షేమం దృష్ట్యా కోర్టు మార్చగలదు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి మాత్రం సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న బలం ఉంటుంది. రాజీకి సిద్ధపడే కుటుంబాలకు పంచాయితీ కంటే అది భద్రమైన చోటు.

పితృత్వం, ఆస్తి

మనోవర్తి తప్పించుకోవడానికి బిడ్డ తనది కాదనే తండ్రులు ఉన్నారు. చెల్లుబాటయ్యే పెళ్లి కొనసాగుతుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని చట్టం భావిస్తుంది. ఆ కాలంలో దంపతులు కలిసే అవకాశమే లేదని చూపితే తప్ప ఇది మారదు. అడిగినంత మాత్రాన డి.ఎన్.ఎ. పరీక్షకు ఆదేశించకూడదని, తల్లిదండ్రుల పోరులో బిడ్డ పుట్టుకను సందేహంలోకి నెట్టడం అన్యాయమని 2023లో సుప్రీంకోర్టు హెచ్చరించింది.

విడాకులతో బిడ్డ వారసత్వ హక్కు పోదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటాను 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 2005లో దేశమంతటా అదే వచ్చింది. చెల్లని పెళ్లి వల్ల పుట్టిన పిల్లలకూ తల్లిదండ్రుల వాటాలో హక్కు ఉంటుందని 2023లో తీర్పు వెలువడింది. మైనరు పేర ఉన్న స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా సహజ సంరక్షకులు కూడా అమ్మకూడదు.

బడి, పాస్‌పోర్టు, ఇంటిపేరు

ఊరు మారిన తల్లికి పాత బడి నుంచి టి.సి. రాకపోవడం తరచుగా ఎదురయ్యే చిక్కు. టి.సి. ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ప్రవేశం నిరాకరించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతుంది. మైనరు పాస్‌పోర్టుకు మామూలుగా ఇద్దరి సమ్మతి అడుగుతారు. రెండోవారి సంతకం దొరకనప్పుడు పరిస్థితిని వివరిస్తూ ఒక్కరే ప్రకటన ఇచ్చి దరఖాస్తు చేసే వీలుంది. ఇంటిపేరు విషయంలో ఒక తెలుగు కుటుంబం కేసు 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త మరణించాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి బిడ్డకు కొత్త ఇంటిపేరు పెట్టడాన్ని తాతా నాయనమ్మలు ప్రశ్నించారు. బిడ్డకు ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికే ఇంటిపేరును నిర్ణయించే హక్కు ఉందని కోర్టు తీర్పు చెప్పింది.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు

అమెరికాలో కాపురం చెడిన తర్వాత ఒకరు బిడ్డతో హైదరాబాద్‌కో గుంటూరుకో వచ్చేయడం, రెండోవారు అక్కడి కోర్టు ఉత్తర్వుతో ఇక్కడికి రావడం ఈ కాలపు కుటుంబ వివాదాల్లో ఒక రకం. ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకుపోయిన పిల్లలను వెనక్కి రప్పించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. కాబట్టి విదేశీ కోర్టు ఉత్తర్వు ఇక్కడ దానంతట అదే అమలు కాదు. అలాగని దాన్ని పక్కన పడేయరు కూడా. బిడ్డ ఎక్కడ పుట్టి పెరిగాడు, ఏ దేశ పౌరుడు, ఇక్కడికి వచ్చి ఎంతకాలమైంది, వెనక్కి పంపితే హాని జరుగుతుందా అన్నవి చూసి కోర్టు నిర్ణయిస్తుంది. పెన్సిల్వేనియా నుంచి తల్లి హైదరాబాద్‌కు తీసుకొచ్చిన ఇద్దరు పిల్లల కేసులో, వారి మామూలు నివాసం అమెరికానే కాబట్టి హైదరాబాద్ కోర్టుకు విచారణాధికారం లేదని 2019లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఈ కారణంగా, బిడ్డతో తిరిగి రావాలనుకునేవారు విమానం ఎక్కకముందే అక్కడి కోర్టు అనుమతి తీసుకోవడం క్షేమం.

ఉచిత న్యాయ సహాయం

1987 నాటి న్యాయ సేవా ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి కాగితం మీద దరఖాస్తు రాసి ఇస్తే లాయరును నియమిస్తారు. ఫోనులో సలహాకు 15100 నంబరు ఉంది. బిడ్డకు ప్రమాదం ఉందనిపిస్తే 1098కి, తల్లి హింసకు గురవుతుంటే 181కి ఫోన్ చేయవచ్చు.

ఉమ్మడి కస్టడీ, సంస్కరణలు

బిడ్డ ఇద్దరి దగ్గరా తగినంత కాలం పెరిగేలా ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటు కల్పించాలని, తల్లిని తండ్రితో సమానంగా సహజ సంరక్షకురాలిగా గుర్తించాలని 2015 మేలో లా కమిషన్ తన 257వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ సిఫార్సులు చట్టరూపం దాల్చలేదు. తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకున్నప్పుడు మాత్రం ఇలాంటి ఏర్పాట్లకు కోర్టులు ఆమోదం తెలుపుతున్నాయి. ఏ కస్టడీ ఉత్తర్వూ అంతిమం కాదు. బిడ్డ పెరుగుతున్నకొద్దీ, అవసరాలు మారుతున్నకొద్దీ 18 ఏళ్లు నిండేవరకు ఎప్పుడైనా దాన్ని మళ్లీ పరిశీలించమని కోర్టును కోరవచ్చు.